కాగిన పనిముట్టునకు ఒక చోటు

రేడియో ఉన్న ఇంట ఏనాడో ఒకనాడు తీగ ఊడక మానదు. బ్యాటరీల అర నుండి వచ్చు సన్నని తీగ తెగును. స్పీకరు వెనుక అతుకు వదలును. చెవికి పెట్టుకొను హెడ్‌ఫోను తీగ ప్లగ్గు దగ్గర విరుగును. ఇంత చిన్న పనికి దుకాణము దాక పోనేల అని, ఉద్యోగము విరమించిన తాతగారో, సైన్సు చదువుచున్న అమ్మాయియో ఒక సోల్డరింగు ఐరను కొని తెచ్చుట ఇప్పుడు సామాన్యమైనది. పనిముట్టు వెల కొంచెమే. పని నేర్చుట కష్టము కాదు. మూగవోయిన సెట్టు తమ చేతిమీదుగా మరల పలికినప్పుడు కలుగు సంతోషము మాటలకు అందునది కాదు.

అయితే ఆ పనిముట్టును పెట్టె నుండి తీసి, ప్లగ్గు పెట్టి, అది వేడియెక్కిన తరువాత ఒక ప్రశ్న ఎదురగును. అతుకునకు అతుకునకు నడుమ దీనిని ఎక్కడ పెట్టవలెను? పెక్కు ఇండ్లలో ఈ ప్రశ్న ఐరను వేడియెక్కిన పిమ్మటనే స్ఫురించుచున్నది. అప్పుడు చేతికి అందినదే స్టాండు అగును: బల్ల అంచు, గాజుగ్లాసు, పాత పుస్తకము, తలక్రిందులుగా బోర్లించిన గిన్నె. ఇట్టి ఏర్పాటు పదిసార్లు బాగుగనే సాగును. పదునొకండవసారి ఐరను దొరలును. దొరలుచున్న వస్తువును పట్టుకొనుటకు మనిషి చేయి ఆలోచన లేకయే ముందునకు పోవును. కాలిన వ్రేళ్లలో అనేకము ఇట్లు కాలినవే. కనుక ఇంటిలో సులభముగా లభించు సామగ్రితో ఒక మంచి స్టాండును ఎట్లు చేసికొనవలెనో, ఏ కారణములచేత అట్లు చేయవలెనో ఇచ్చట వివరింపదలచితిమి.

కంటికి తెలియని వేడి

వేడి వస్తువులయందు మనకు సహజముగా భయము కలదు. మండుచున్న నిప్పును ఎవరును ముట్టరు. ఎఱ్ఱగా కాలిన ఇనుమును చూచి పసివాడు కూడ వెనుకంజ వేయును. కాని సోల్డరింగు ఐరను ఎఱ్ఱబడదు. చల్లగా ఉన్నప్పుడు ఏ రూపమున ఉండునో, కాగినప్పుడును ఆ రూపముననే ఉండును.

దీనికి కారణము శాస్త్రజ్ఞులకు బహుకాలముగా తెలియును. 1847లో జాన్ విలియం డ్రేపరు అను శాస్త్రవేత్త, ఘనపదార్థములు దాదాపు 525 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద చీకటిలో కంటికి మసక ఎఱుపుగా కనబడ నారంభించునని ప్రకటించెను. సోల్డరింగు ఐరను మొన సాధారణముగా 300 నుండి 400 డిగ్రీల నడుమ ఉండును. అనగా వెలుగుటకు చాలనంత తక్కువ. చర్మమును క్షణములో కాల్చుటకును, కాగితమును, నూలుగుడ్డను, కొయ్యను మాడ్చుటకును చాలినంత ఎక్కువ.

ఆ వేడి పనికి అవసరమే. 60 పాళ్లు తగరము, 40 పాళ్లు సీసము కలిసిన సామాన్యపు సోల్డరు 183 డిగ్రీల వద్ద మెత్తబడి, 190 డిగ్రీల ప్రాంతమున పూర్తిగా కరగును. సీసము కలపని నేటి సోల్డరులు 217 నుండి 227 డిగ్రీల వరకు వేడిమిని కోరును. తీగయు, తగరపురేకును వేడిని లాగుకొనుచుండగా అతుకు త్వరగా పడవలెనన్నచో మొన అంతకంటె చాల వేడిగా ఉండవలసినదే. కనుక వేడిని తగ్గించుట ఉపాయము కాదు. వేడి వస్తువునకు ఒక నిలుకడయైన చోటు కల్పించుటయే ఉపాయము.

కుంపటితో పోయిన చోటు

పూర్వము మాటు పెట్టువారి పద్ధతిని పెద్దలు ఎరిగియుందురు. రాగిదిమ్మెను ఒక ఇనుపకాడకు బిగించి, దానిని బొగ్గుల కుంపటిలో ఉంచి కాల్చెడివారు. కాగిన తరువాత తీసి, చిల్లి పడిన బిందెకో, డబ్బాకో మాటు పెట్టి, వెంటనే మరల కుంపటిలో ఉంచెడివారు. చల్లారునేమో అను తొందర ఒకవైపు, కాల్చుకొనవలె నను అవసరము మరొకవైపు. ఈ రెండును కలిసి ఆ పనిముట్టునకు ఒక చోటును వాటంతట అవియే ఏర్పరచినవి. పొయ్యియే దానికి స్టాండు.

1906లో ఆల్బర్టు మార్షు నికెలు, క్రోమియము కలిసిన నిక్రోము తీగకు పేటెంటు పొందెను. ఎంతసేపు కాగినను త్వరగా తుప్పుపట్టి తెగిపోని తీగ లభించుటచేత ఇస్త్రీపెట్టె, విద్యుత్పొయ్యి మొదలగు గృహోపకరణములు చక్కగా నెలకొన్నవి. ఐరను గొట్టము లోపల అభ్రకముపై చుట్టబడిన నిక్రోము తీగ ఉండుట మనము పాత ఐరనులను విప్పి చూచినచో తెలిసికొనవచ్చును. అప్పటినుండి పనిముట్టు తన పొయ్యిని తనలోనే మోసికొని తిరుగుచున్నది. సౌకర్యము పెరిగినది, కాని కుంపటితోపాటు పనిముట్టు ఉండవలసిన చోటును మాయమైనది. స్టాండు చేసికొనుట యనగా ఆ పోయిన చోటును మరల ఏర్పరచుకొనుటయే.

మంచి స్టాండు లక్షణములు

మొదటిది, స్టాండు పనిముట్టును నిలుపవలెను గాని దాని వేడిని త్రాగరాదు. మొన ఒక పెద్ద ఇనుపదిమ్మెను గాని, రాతిని గాని తాకుచు ఉన్నచో వేడియంతయు దానిలోనికి పోవును; చేతిలోనికి తీసికొనునప్పటికి సోల్డరు కరగదు. కనుక వేడిభాగము వీలైనంత తక్కువ బిందువుల వద్ద మాత్రమే స్టాండును తాకవలెను.

రెండవది, స్టాండు వేడిని బంధింపరాదు. 25 వాట్ల ఐరను ప్లగ్గులో ఉన్నంతసేపు ప్రతి సెకనునకు 25 జౌళ్ల శక్తిని ఉష్ణముగా మార్చుచుండును. అది స్థిరమైన వేడికి వచ్చిన తరువాత పుట్టిన ఉష్ణమంతయు గాలిలోనికి పోవలసినదే. ఐరనును మూసిన డబ్బాలోనో ఇరుకు గొట్టములోనో దోపినచో గాలి ఆడక మొన మితిమీరి కాగి, నల్లబడి, సోల్డరు అంటనిదగును. తీగను స్ప్రింగువలె చుట్టిన అర ఈ రెండు దోషములకును చక్కని విరుగుడు: తాకుట కొంచెము, గాలి ఆడుట ఎక్కువ.

మూడవది, స్టాండు కదలరాదు. ఐరను బరువు స్వల్పమే యైనను దాని వెనుక వ్రేలాడు విద్యుత్తు తీగ ఎల్లప్పుడు పిడిని లాగుచుండును. బల్ల క్రింద ఆడుకొను పిల్ల ఆ తీగను పట్టినచో సంగతి చెప్పనక్కరలేదు. కనుక అడుగు బరువుగా, వెడల్పుగా ఉండవలెను.

నాలుగవది, మొన క్రిందికి, పిడి పైకి ఉండునట్లు స్టాండు ఏటవాలుగా ఉండవలెను. అట్లుండినచో తీసికొనుటకు చేయి సహజముగా పిడి మీదికే పోవును, మొన వంకకు పోదు. అంత ఏటవాలును మించి నిలువుగా నిలిపినచో వేడిగాలి నేరుగా పైకి వచ్చి పిడిని కాచును.

కావలసిన సామగ్రి

టేకు గాని, మామిడి గాని, బాగుగా ఎండిన కొయ్యపలక ఒకటి: పొడవు 20 సెంటీమీటర్లు, వెడల్పు 12, మందము 2. అదే కొలతకు ఒక కడపరాతి ముక్క. ఇంటికి అరలు వేసినప్పుడు మిగిలిన తునకలు రాతిపనివారి వద్ద దొరకును. అంతటి ముక్క కిలోకు పైగా తూగును గనుక స్టాండునకు కావలసిన బరువు దానివలన లభించును. తుప్పుపట్టకుండ జింకుపూత పూసిన 12 గేజి ఇనుపతీగ 2 మీటర్లు. దీని లావు సుమారు 2.6 మిల్లీమీటర్లు. నేలకు పరచు పింగాణీ పలక ముక్క చిన్నదొకటి. రెండు పాళ్లు కలిపి వాడు ఎపాక్సీ జిగురు. తీగను బిగించు యు ఆకారపు మేకులు నాలుగు. అడుగున అంటించుటకు రబ్బరు బిళ్లలు నాలుగు.

పనిముట్లలో కటింగు ప్లయరు, 3 మిల్లీమీటర్ల రంధ్రము వేయు బరమా, ఆకురాయి, సుత్తి చాలును. తీగను చుట్టుటకు అరంగుళపు ఇనుప నీటిగొట్టము ముక్క ఒకటి కావలెను. దాని వెలుపలి లావు సుమారు 21 మిల్లీమీటర్లు.

తీగను చుట్టుటకు ముందు మీ ఐరనును చల్లగా ఉన్నప్పుడు కొలిచి చూచుకొనుడు. తీగచుట్ట లోపలి వెడల్పు ఐరను గొట్టము కంటె బాగుగా ఎక్కువగా ఉండవలెను; పిడి ముందుభాగము కంటె తక్కువగా ఉండవలెను. అప్పుడు గొట్టము సులువుగా లోనికి పోయి, పిడి మాత్రము వాకిట నిలిచిపోవును. ఇచ్చట చెప్పు కొలతలు 25 వాట్ల సామాన్యపు ఐరనుకు సరిపోవును. మీ ఐరను పిడి మరింత సన్నమైనచో చుట్టుటకు సన్నని కడ్డీని తీసికొనవలెను.

చేయు విధము

తీగ కొసను 12 సెంటీమీటర్లు విడిచి, గొట్టపు ముక్కతో కలిపి గట్టిగా బిగించి పట్టి, మిగిలిన తీగను చుట్టు ప్రక్కన చుట్టుగా 15 చుట్లు చుట్టవలెను. వైసు ఉన్నచో పని సులువు. లేనిచో ఇద్దరు కలిసి చేయవచ్చును. చేయి విడువగానే తీగ తన బిగువు కొలది కొంచెము విచ్చుకొని, లోపలి వెడల్పు 23 మిల్లీమీటర్ల ప్రాంతమునకు వచ్చును. ఇది దోషము కాదు; గొట్టము నుండి చుట్ట సులువుగా ఊడివచ్చుటకు తోడ్పడును.

తరువాత చుట్టను రెండు కొసల పట్టి మెల్లగా లాగి, 12 సెంటీమీటర్ల పొడవునకు సాగదీయవలెను. అప్పుడు చుట్టునకు చుట్టునకు నడుమ సుమారు 5 మిల్లీమీటర్ల సందు ఏర్పడును. గాలి ఆడుటకు ఇది చాలును; పెద్దల వ్రేలు అందులో దూరదు. చుట్ట పొడవు ఐరను వేడిభాగము కంటె 2, 3 సెంటీమీటర్లు ఎక్కువగా ఉండునట్లు సరిచూచుకొనవలెను. మొన చుట్ట దాటి బయటికి వచ్చినచో అర ఉండియు లేనట్లే.

ఇక కాళ్లు. మొన ఉండు వైపు కొసను, పిడి ఉండు వైపు కొసను క్రిందికి నిటారుగా వంచవలెను. మొన వైపు కాలు పలకకు పైన 4 సెంటీమీటర్లు, పిడి వైపు కాలు 11 సెంటీమీటర్లు ఎత్తుండవలెను. పలక పొడవున నడిమిగీతపై ఒక అంచునుండి 4 సెంటీమీటర్ల దూరమున ఒక రంధ్రమును, అక్కడినుండి మరి 10 సెంటీమీటర్ల దూరమున రెండవ రంధ్రమును వేయవలెను. కాళ్లను రంధ్రములలో దింపి, పలక అడుగున 3 సెంటీమీటర్ల మేర మడిచి, ఆ మడతలకు గాడి తీసి, యు మేకులతో బిగింపవలెను. ఇట్లు చేసినచో చుట్ట సుమారు 35 డిగ్రీల వాలుగా నిలుచును. అధికముగా మిగిలిన తీగను కత్తిరించి, కొసలను ఆకురాయితో నున్నగా రాయవలెను.

పిమ్మట పలక అడుగున కడపరాయిని ఎపాక్సీతో అంటించి, ఒక రాత్రి యంతయు కదలకుండ ఉంచవలెను. రాతిక్రింద నాలుగు మూలల రబ్బరు బిళ్లలు అంటించినచో బల్ల గీయబడదు, స్టాండు జారదు. చుట్ట క్రింద పింగాణీ ముక్కను అంటింపవలెను. మొననుండి రాలు సోల్డరు బొట్టు కొయ్యపై పడక దానిపై పడి గట్టిపడును. పలక పిడి వైపు మూలను ఒక కొక్కెము బిగించి, విద్యుత్తు తీగను దానిగుండ పోనిచ్చినచో మరియు మంచిది. సామాన్యపు పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల వేడిమి వరకు పనిచేయుటకు తయారైనది. కాగిన మొన తగిలినచో అది కరగి లోపలి రాగి బయటపడును. అప్పుడు కాలు భయమునకు విద్యుద్ఘాత భయము తోడగును.

మొన తుడుచుటకు పలకపై ఒక చిన్న ఇత్తడి మూత ఉంచి, అందు తడిపి పిండిన నూలుగుడ్డ మడత పెట్టవచ్చును. గుడ్డ తడిగా మాత్రమే ఉండవలెను, నీరు కారరాదు. గిన్నెలు తోము ప్లాస్టిక్ నురుగు స్పాంజి పనికిరాదు. అది మొనకు కరగి అంటుకొని పొగ విడుచును. నేటి ఐరను మొనలకు రాగిపై ఇనుపపూత ఉండును గనుక వాటిని ఆకురాయితో రాయరాదు. పూత పోయినచో రాగిని సోల్డరు త్వరగా తినివేయును.

వాడరాని వస్తువులు

పాత చేతిపనుల పుస్తకములలో వేడి వస్తువు క్రింద ఆస్‌బెస్టాసు పలక వేయుమను సలహా తరచుగా కానవచ్చును. ఆ కాలమునకు అది మంచి సలహాగా తోచినది. నిప్పునకు చెదరని వస్తువు గదా. కాని ఆ నారపోగులు గాలితో ఊపిరితిత్తులలోనికి పోయినచో పెక్కేండ్లకు క్యాన్సరు కలిగించునని తరువాత స్థిరపడినది. ఇంటి కప్పునుండి దింపిన ఆస్‌బెస్టాసు సిమెంటు రేకు ముక్కలు మన ఊళ్లలో నేటికిని దొడ్డివైపున పడియుండును. వాటిని రంపముతో కోసి గాని, రంధ్రము వేసి గాని స్టాండునకు వాడరాదు. పింగాణీ పలక ముక్క ఆ పనినంతటిని నిరపాయముగా చేయును.

రెండవ హెచ్చరిక జింకుపూతను గూర్చినది. తీగను మెత్తపరచుటకై పొయ్యిమీద ఎఱ్ఱగా కాల్చుట కొందరికి అలవాటు. పూత ఉన్న తీగను అట్లు కాల్చినప్పుడు వచ్చు తెల్లని పొగ పీల్చినచో చలితో జ్వరము వచ్చును. తీగను చల్లగా ఉండగనే చుట్టవలెను. స్టాండుగా వాడునప్పుడు మాత్రము ఐరను వేడికి ఆ పూత ఆవిరి కాదు గనుక భయపడనక్కరలేదు.

రంగు పూసిన డబ్బాలు, ప్లాస్టిక్ తొడుగు గల తీగలు, థర్మోకోలు ఇవియు వేడి దగ్గర ఉండదగినవి కావు.

పరీక్ష

స్టాండు సిద్ధమైన తరువాత ముందుగా చల్లని ఐరనుతో పరీక్షింపవలెను. ఐరనును అరలో ఉంచి బల్లను మోచేతితో తాకి చూడుడు. తీగను మెల్లగా ప్రక్కకును, వెనుకకును లాగి చూడుడు. అడుగు లేవరాదు, ఐరను అరనుండి ఎగిరి పడరాదు. కన్నులు మూసికొని పిడి కొఱకు చేయి చాచినచో చేతికి పిడియే తగులవలెను. ఈ చివరి పరీక్షను చల్లని ఐరనుతో మాత్రమే చేయవలెనని వేరుగ చెప్పనక్కరలేదు గదా.

తరువాత ప్లగ్గు పెట్టి పావుగంట కనిపెట్టి చూడవలెను. కొయ్య వాసన రాకూడదు. పిడి సుఖముగా పట్టదగినంత చల్లగా ఉండవలెను. మొన సోల్డరును వెంటనే కరగింపవలెను. తీగచుట్ట మాత్రము వేడెక్కును, దానిని ముట్టరాదు. పెద్ద స్టాండు చేయుటకు తీరిక లేనివారు ఆ ఒక్కనాటికి పొడి ఇటుకనైనను వాడవచ్చును: పై అంచున లోతైన గాడి తీసి, అందు గొట్టమును ఆనించి, మొన గాలిలో ఉండునట్లు నిలుపవలెను. ఇది పూర్తి రక్షణ కాకపోయినను బోర్లించిన గిన్నె కంటె ఎంతయో మేలు.

ఇంటిలో పాటింపవలసిన కట్టుబాట్లు

స్టాండు ఉన్నంతమాత్రమున చాలదు. దానికి ఒక అర్థమును ఇంటిలోని వారందరును ఒప్పుకొనవలెను. ఆ అర్థము ఇది: అరలో ఉన్న ఐరను, ప్లగ్గు తీసి ఉన్నను సరే, వేడిగా ఉన్నట్లే. పూర్తిగా చల్లారిన ఐరను అరలో ఉండరాదు, పెట్టెలోనికి పోవలెను. ఈ ఒక్క కట్టుబాటు నిలిచినచో, కంటికి తెలియని వేడికి కంటికి కనబడు గుర్తు ఏర్పడినట్లగును. ప్లగ్గు తీసిన తరువాత కనీసము అరగంట పిల్లలను ఆ బల్ల దగ్గరకు రానీయరాదు. పని నడుమ ఎవరైన తలుపు తట్టినచో మొదట ఐరను అరలోనికి, తరువాత చేయి స్విచ్చి మీదికి, ఆ తరువాతనే కాళ్లు తలుపు వైపునకు కదలవలెను.

సీసము కలిసిన సోల్డరును ముట్టిన చేతులను సబ్బుతో కడుగనిదే అన్నము తినరాదు. వంటింటి గట్టుపై ఈ పని చేయరాదు; వంట గిన్నెలకు ఈ సోల్డరుతో మాటు పెట్టరాదు. సీసము పిల్లల మెదడునకు చెఱుపు చేయును. ఇంతవరకు హానిలేదని చెప్పదగిన మోతాదు లేదు. సోల్డరు తీగలో ఉండు రోజిను పైన్‌చెట్ల బంకనుండి వచ్చునదే యైనను దాని పొగ కొందరికి ఉబ్బసము తెచ్చును. కిటికీ తెరచి, పొగ ముఖమునకు తగులకుండ కూర్చుండవలెను.

ఎంత జాగ్రత్తపడినను ఒకప్పుడు కాలవచ్చును. అప్పుడు ఉంగరములు, గాజులు వెంటనే తీసి, కాలినచోటును కొళాయి చల్లని నీటిధార క్రింద 20 నిమిషములు ఉంచవలెను. మంచుగడ్డ పెట్టరాదు. సిరా, వెన్న, పండ్లు తోము పేస్టు మొదలగు పాత మందులు వేడిని లోపలనే నిలుపును, పుండును మలినపరచును. బొబ్బను చిదుమరాదు. శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి, కాలినది అరచేతిపైనను, ముఖముపైనను, లేక పసిపిల్లకైనను వైద్యునికి చూపవలెను.

ఒక పలక, ఒక రాయి, రెండు మీటర్ల తీగ, ఒక పూట శ్రమ: ఈ స్టాండునకు అయ్యెడి మొత్తము ఇంతే. అతుకు వేయుట నేర్చుకొనవలెనని ఉత్సాహపడు పిల్లలకు ఐరనును చేతికిచ్చుటకు ముందు వారి చేతనే ఈ స్టాండును చేయింపుడని మా మనవి. తీగ వంచుట, కొలుచుట, రంధ్రము వేయుట ఇందులోనే అలవడును. అన్నిటికంటె ముఖ్యముగా, కాగు వస్తువును చేపట్టుటకు ముందే దానిని దింపవలసిన చోటును ఏర్పరచుకొనవలెనను బుద్ధి వారి చేతులకు పట్టుబడును. అది సోల్డరింగు ఐరనుకే గాక, ఇంటిలోని ఇస్త్రీపెట్టెకును, పొయ్యిమీది మూకుడునకును వర్తించు పాఠము.